సన్నబడిన చోటు

ఆదివారం పొద్దున్నే ఐదుగురం,
అద్దె సుమోలో, ఒళ్ళో ఖాళీ కుండీలతో
తాడిపత్రి దాటి, నాపరాళ్ల గుట్టలు దాటి
ఎడమకు తిరగమన్నచోట తిరిగాం.
రోడ్డుకు రెండువైపులా వేరుశెనగ పీకేసిన ఎర్రనేల,
గోరు కొరికిన వేలిలా.
"ఈ దావలో తోటంటే నమ్మేదెట్లప్పా?" అన్నాడు ఓబుళేసు.
నాగరత్నమ్మ టీచరు బదులివ్వలేదు.
సంచిలో కొలటేపు ఉందో లేదో తడుముకుంటోంది.

మొదట కనబడింది పచ్చదనం కాదు,
నీలం. విబూది రాసిన నీలం.
విసనకర్రలంత కాదు, తలుపులంత ఆకులు.
బిస్మార్కియా! అని బండి ఆగకముందే దూకాడు
గుంతకల్లు గార్డు ఆనందరావు.
మడగాస్కర్ చెట్టట.
మా ఎండ దానికి పుట్టింటి ఎండలానే ఉందట.

హుసేనప్ప ఎదురొచ్చాడు, లుంగీ ఎగగట్టి, మోకాళ్ళ దాకా బురదతో.
ముప్పై ఏళ్ళు బోరుబండి తోలినవాడు.
"తొమ్మిదొందల బోర్లు ఏసినా సారూ,
సగం దుమ్మే లేపినాయి.
ఎవురి సేన్లో దుమ్ము లేస్తే
వాళ్ల మొగం సూడల్యాక బండెనకాల నిలబడేవాణ్ణి.
నీళ్లు కండ్లకంటే ముందు చెవికి తగుల్తాయి, సప్పుడు మారుతాది.
ఆ సప్పుడు కోసరమే బతికినా.
ఇంక సాలని బండి అమ్మి, ఆ దుడ్లతో ఇది."

వరసల మధ్య నడిచాం.
నక్కతోక ఆకులు, సీసాబొడ్డు మానులు,
కాలు పెడితే గుచ్చుకునే కానరీ ఖర్జూరం.
ట్రావెలర్స్ పామ్ దగ్గర తగువు.
అది పామే కాదు, అరటికి చుట్టమని నేను,
ఎవరు చెప్పారని ఆనందరావు.
"ఎవురికి చుట్టమైతేనేం,
మోటరేసేటప్పుడు నాకన్నీ ఒగటే" అంది జైనబ్బీ,
ఉగ్గాని గిన్నె దించుతూ.
"పేరు ఆయనది. మోటరు నాది."

తోట చివర రాయల్ పామ్.
సిమెంటు పోతపోసినట్టున్న మాను
చేతికందే ఎత్తులో నడుం పట్టేసినట్టు సన్నబడి
పైన మళ్ళీ లావెక్కింది.
రోగమా? అని అడిగాను.
"కాదు సారూ. నా బోరే ఎండిన కాలం.
తొమ్మిదొందల బోర్లేసినోని బోరు!
రెండేండ్లు ట్యాంకరు నీళ్లు,
అవీ ఇంట్లోకి పోంగా మిగిల్తేనే.
మళ్లా వాన పడె, పైకి లావాయె.
కానీ ఆ చోటు నిండదు.
యాపచెట్టు దెబ్బ తగిల్తే పూడ్సుకుంటాది.
ఈ జాతికి ఆ ఇద్దె లేదు. మోసుకుంటా పోతాది."

నాగరత్నమ్మ టేపు చుట్టింది.
కింద యాభై ఒకటి, ఇక్కడ ముప్పై నాలుగు.
డైరీలో రాసుకుని, ఏ ఏడని అడిగింది.
చెప్పాడు.
కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.
ఎవరం ఏమీ అడగలేదు.
చెట్ల మనుషులం,
ఆకు మీది మచ్చ గురించైతే గంటసేపు మాట్లాడతాం.
ఓబుళేసు మాత్రం ఆ సన్నటి చోట అరచెయ్యి ఆనించి
చల్లగుంది, అన్నాడు.

వచ్చేటప్పుడు తలా నాలుగు గింజలు
తడిగోనె ముక్కలో చుట్టి ఇచ్చాడు.
"ఆరు నెల్లు, యేడాది గూడా పట్టొచ్చు.
తవ్వి సూడొద్దండి."
మూడో వారమే ఓబుళేసు తవ్వి చూశాడని తర్వాత తెలిసింది.
టీచరమ్మకి ఒకటి సూదిమొన లేపిందట,
ఫోన్లో గొంతు కొత్తగా ఉంది.

నావి డాబా మీద పెయింటు డబ్బాలో.
ఇంకా ఏమీ లేదు.
ఈసారీ వాన తక్కువేనంటున్నారు.
పొద్దున పళ్ళు తోముకుంటూ అర చెంబు పోస్తాను.
ఎండిన మట్టి గుటకలేస్తుంది.
చుట్టుపక్కల డాబాల మీద ఎవరూ లేకపోతే
వంగి,
చెవి పెడతాను.